చీర గుల్ల

గాలయ్య ఎన్నడు సముద్రం చూడలే. సముద్రమే అద్దాల పెట్టెలకెక్కి షాద్‌నగర్ దాకా వచ్చి ఆయన ముందట నిలవడ్డది.

చండూరుల మగ్గం అమ్ముకొని ఆలుమగలు బతుకుదెరువుకు వచ్చిన ఏడాది అది. రోడ్డు పొంటి కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఒక ఫ్యాక్టరీ సారు ఊరవతల గెస్ట్ హౌజ్ కట్టించిండు. గాలయ్యకు అండ్ల కావలి పని దొరికింది. ఉండనీకి ఎనక రేకుల అర్ర ఇచ్చిండ్రు. సారు నెలకోపారి వస్తడు, దోస్తులను తెస్తడు, తింటరు, పోతరు. మిగతా దినాలల్ల ఆ ఇంట్ల గాలయ్య, ఆయన పెండ్లాం కౌసల్య, హాల్ల గోడ పొడుగున్న ఆ అద్దాల పెట్టె. గంతే.

పెట్టెల నిజం సముద్రపు నీళ్లు. మద్రాసు దిక్కుకెల్లి డ్రమ్ములల్ల లారీ మీద వస్తయి. నీళ్లల్ల రాళ్లు. రాళ్ల మీద చెట్టు కాదు, పురుగు కాదు, మెత్తటిదేందో గాలికి ఊగినట్టు ఊగుతుంటది. పగడపు దిబ్బ అంటే అదేనని సారు చెప్పిండు. దాని నడుమ మోదుగుపూల రంగు చేపలు. మొదటి దినం గాలయ్య దొంగతనంగ వేలు ముంచి నాలుకకు రాసుకున్నడు. ఉమ్మేసి, మళ్ల ముంచి, మళ్ల నాకిండు.

"నిజంగనే ఉప్పు," అన్నడు కౌసల్యతోని.

"ఉప్పు కాకుంటె బెల్లముంటదా?" అన్నదామె. అని, చీపురు తీసుకొని పోయింది. నవ్వలే.

గాలయ్యకు నోట్లె ఉప్పు కంటె ఆ నవ్వకపోవుడే ఎక్కువ కొట్టింది. ముందుగాల చండూరుల ఉన్నప్పుడు ఇంట్ల మాట తక్కువ గాలయ్యది, నవ్వు ఎక్కువ కౌసల్యది. మర్రిగూడల పుట్టిన మనిషి, ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లకు పండ్ల మీద గోధుమరంగు చారలు పడ్డయి. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటది. అయినా నవ్వకుంట ఉండలేకపోయేది. షాద్‌నగర్ వచ్చినంక ఇంట్ల ఇద్దరూ గాలయ్యలే అయిండ్రు.

ఎందుకంటె, నేసుడు గాలయ్యదే గాని, బొమ్మ కౌసల్యది. చిటికి కట్టుట్ల ఆమె చెయ్యికి చండూరుల పేరుండె. నూలును ఆసు మీద పోసి, ఏ పోగుకు ఏ జాగల ముడి పడాల్నో లెక్క కట్టి, ముడులేసి రంగుల ముంచుతరు. ముడి ఇప్పితె అక్కడ రంగు అంటదు. గా అంటనిదే నేసినంక బొమ్మయి లేస్తది. కౌసల్య కట్టిన బొమ్మ గాలయ్య మగ్గం మీద లేస్తుంటె, ఆమె పక్కన నిలవడి, "అగో, వచ్చింది సూడు నెమలి, తోకతోని సహా," అనేది. నూలు దొరకక, నేసింది అమ్ముడువోక మగ్గం పోయింది. ఆసు మాత్రం గోనెసంచుల చుట్టి ఎంబడి తెచ్చుకున్నది. అర్ధచంద్రం తీరు మేకులు కొట్టిన కట్టె చట్రం అది. తెచ్చి గోడకు ఆనిచ్చింది. దాని మేకులకు ఒక దినం ఉల్లిగడ్డల సంచి తగిలేసింది.

ఆ సంచిని చూసిన కాడికెల్లి గాలయ్యకు ఒకటే ఫికర్. దాన్ని ఎవరో చెప్తె కాదు, ఆమె చెయ్యే తీయాలె. అట్ల తీసే దినం వస్తదా, రాదా? ట్రంకు పెట్టె అడుగున నాలుగు లడీల నూలు దాచి పెట్టిండు. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడగకపోయేది.

పెట్టెల పాకురు పట్టింది. అద్దం మీద పచ్చగ, రాళ్ల మీద ఎంటికల తీరు. సారు వచ్చి చూసి కేకలేసి, పట్నంల రజాక్‌కు ఫోన్ కొట్టిండు. రజాక్ మహబూబ్‌నగర్ మనిషి. పట్నంల చేపల దుకాణం పెట్టిండు. డ్రమ్ముల నీళ్లు తెచ్చేది కూడ ఆయనే. మనిషి సన్నం, నోరు లావు.

"గాలన్నా, గీపారి ఉత్త నీళ్లే కాదు, సఫాయోళ్లను గూడ తెచ్చిన," అనుకుంట లారీ దిగిండు.

"ఎవలను?"

"నత్తలు, ఎండ్రికాయలు. పాకురు నాకుతయి, చేపలు ఇడిసిన మెతుకు ఏరుకుంటయి. జీతమియ్యొద్దు, బత్తెమియ్యొద్దు. పండుగకు సెలవడగయి."

రెండు టబ్బులు దించి హాల్ల పెట్టిచ్చిండు. గాలయ్య వంగి చూసిండు. చిన్న నత్తగుల్ల ఒకటి టబ్బుల ఉరుకుతాంది. నత్త ఉరుకుడేంది? చేతులకు తీసుకుంటె లోపటికెల్లి ఎర్రటి కాళ్లు బయటికొచ్చినయి. గాలయ్య దబ్బున దాన్ని ఇడిసిపెట్టిండు.

రజాక్ పడిపడి నవ్విండు. "ఎండ్రికాయ అన్నా అది! దానికి ఎనక దిక్కు బట్టల్లెవ్వు. మెత్తటి పెయ్యి. ఎవలో సచ్చి ఇడిసిన గుల్లల జొరబడి కిరాయికుంటది. పెరిగితె ఇంకో ఇల్లు సూసుకుంటది."

"కిరాయి ఎవలికిస్తది?"

"సచ్చినోనికి కిరాయేంది!"

గాలయ్య మళ్ల వంగి చూసిండు. నత్త ఇల్లు తొడుక్కొని ఎండ్రికాయ. ఆయనకు అది మంచిగనిపియ్యలే. సచ్చినోని అంగీ తొడుక్కొని తిరిగినట్టు అనిపిచ్చింది.

"నాకు నమాజుకు యాళ్లయింది," అన్నడు రజాక్. "మంచియి నువ్వే ఏరు. చెప్తున్న ఇను. నత్తను బోర్లెయ్యి. జరసేపట్ల తనంతల తాను తిరగబడ్డదా, దాంట్ల జీవమున్నట్టు. తిరగకుంటె ముక్కు కాడ పెట్టుకో. కంపు కొడితె పారెయ్యి. ఎండ్రికాయలల్ల చిన్నయి తీస్కో. ఒక గిట్ట లావుగున్నదాన్ని ముట్టకు, అది మాంసం మరిగిన బద్మాష్. ఇగో, గీ ఖాళీ గుల్లలు రాళ్ల నడుమ ఎయ్యి. ఇల్లు దొరకకుంటె బతికున్న నత్తను పీకి దాని ఇంట్లకు జొరబడ్తయి."

"పీకి?"

"ఆ. కబ్జా!" అనుకుంట రజాక్ టోపీ సదురుకొని మసీదు దిక్కు నడిచిండు.

గాలయ్య పీట ఏసుకొని కూసున్నడు. శిబ్బి పళ్లెంల జర నీళ్లు పోసి నత్తలను వరుసగ బోర్లేసిండు. ఏది ముందుగాల కదులుతదని చూసిండు. గుల్ల అంచుకెల్లి మెత్తటి పాదం వచ్చి, నేలను తడిమి, పట్టు దొరకంగనె గుల్లను ఎత్తేసుకునేది. కదలనిదాన్ని వాసన చూసిండు. ఒకటి మురిగిన వాసనకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఎండ్రికాయలను కాళ్లు లెక్కవెట్టి, గిట్టలు చూసి, చిన్నయి ఏరిండు. పోగు తెగిందా లేదా అని పడుగు చూసినట్టు చూసిండు. గా పని ఆయనకొస్తది.

టబ్బు అడుగున ఇసుకల సగం కూరుకొని ఇంకొకటి కనవడ్డది. మిగతా నత్తలు బుడ్డబుడ్డగ, బూడిద రంగుల ఉన్నయి. ఇది పొడుగ్గ, నూలు చుట్టిన కండె తీరు నున్నగ ఉన్నది. తీసి నీళ్లల్ల జాడిచ్చిండు. జాడిచ్చి అట్లనే కూసున్నడు.

పసుపు మీద తెల్ల తెల్లటి ముక్కోణాలు. పెద్దదాని కింద చిన్నది, చిన్నదాని పక్కన ఇంకా చిన్నది, పోగులు పెనవేసినట్టు ఒకదాండ్ల ఒకటి. చుట్టు గోధుమరంగు గీత. ఆ గీత తిన్నగ లేదు. రంగు జర పక్కకు పాకి, నేసేటప్పుడు నూలు జరిగితె అంచు ఎట్ల చెదురుతదో గట్లనే చెదిరి ఉన్నది. అచ్చు గుద్దితె గా అంచు రాదు. కుంచెతోని గీస్తె రాదు. చిటికి కట్టి నేస్తెనే వస్తది.

గాలయ్యకు ఒళ్లు గరుపొడిచింది. సముద్రంల మగ్గమెక్కడిది?

బోర్లేసిండు. అన్నిట్ల కంటె ముందుగాల అదే తిరగబడ్డది. మస్తు జీవమున్నది. కంపు లేదు. రజాక్ చెప్పిన పరీచ్చలన్నిట్ల నెగ్గింది. ఏరిన సఫాయోళ్లతోని దాన్ని గూడ, చేతులతోని, పెట్టెల ఇడిసిండు. రజాక్ తిరిగొచ్చేసరికి లారీ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నడు. పెట్టె దిక్కు ఒక్కపారి చూసి, "అచ్ఛా, మంచిగ ఏరినవ్," అని ఉరికి లారీ ఎక్కిండు. అప్పటికే ఆ గుల్ల ఇసుకల మునిగిపోయి ఉన్నది.

పొద్దు గూకంగ గాలయ్య కౌసల్యను హాల్లకు పిలిచిండు. ఆయన పిలుసుడే తక్కువ. ఏమైందోనని పిండి చేతులతోనే వచ్చింది. గాలయ్య నీళ్లల్ల చెయ్యి పెట్టి, ఇసుకల తడిమి, గుల్లను తీసి ఆమె అరచేతుల పెట్టిండు.

కౌసల్య దాన్ని వెలుతురుకు పట్టింది. తిప్పింది. ఇంకోపారి తిప్పింది. పిండి అంటిన బొటనవేలుతోని ఆ అంచు మీద రుద్దింది, రంగు పోతదేమోనని చూసినట్టు.

"ఎవలు కట్టిండ్రయ్యా దీన్ని?"

"ఎవలు కట్టలే. అదే."

"అబద్ధమాడకు. గీ అంచు సూడు. గిది కట్టిందే. పడుగూ పేకా రెండూ కట్టిండ్రు. మా నాయినకు గూడ ఇట్ల రాకపోయేది." గుల్ల అంచుకెల్లి మెత్తటి పాదం బయటికొచ్చి ఆమె వేలిని తాకింది. ఆమె కెవ్వుమని, కింద పడెయ్యకుంట రెండు చేతులతోని పట్టుకొని, నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుంట నవ్వింది. చేతులు ఖాళీగ లెవ్వు మరి.

గాలయ్య ఆ చారల పండ్లను చూసి తలకాయ పక్కకు తిప్పుకున్నడు.

తెల్లారి ఆయన నీళ్లు పట్టి వచ్చేసరికి ఉల్లిగడ్డల సంచి నేల మీదున్నది. ఆసును తడిబట్టతోని తుడుస్తాంది కౌసల్య. గాలయ్య ట్రంకు తెరిచి నూలు లడీలు తీసి ఆమె పక్కన పెట్టిండు. ఆమె లడీలను చూసింది, ఆయనను చూసింది.

"దొంగ," అన్నది.

అప్పటికెల్లి అదే దినచర్య. పొద్దున పెట్టె కడిగేటప్పుడు గాలయ్య ఇసుకల కూరుకున్న గుల్లను చేత్తోని తవ్వి తీస్తడు. స్టీలు గిన్నెల సముద్రపు నీళ్లు పోసి, దాన్ని ఏసి అర్రకు తీసుకపోతడు. కౌసల్య ఎడమ అరచేతుల తడి బట్ట పరిచి, దాని మీద గుల్ల పెట్టుకొని, కుడి చేత్తోని గళ్ల కాయితం మీద బొమ్మ దించుతది. ఒక్కో గడి ఒక్కో పోగుల కట్ట. జర గీస్తది, గుల్లను గిన్నెల ముంచుతది, మళ్ల తీస్తది. కట్టుడైనంక చండూరు పోయి ఎవలి మగ్గమన్న అడిగి నేద్దమనుకున్నరు. ఆమె చీరకు పేరు గూడ పెట్టేసింది. "దరియా చీర." దరియా అంటె సముద్రమే. పొద్దూకేసరికి గాలయ్య గుల్లను మళ్ల పెట్టెల ఇడుస్తడు. అదీ దానికి తెలిసినట్టు ఇసుకల దిగిపోతది.

ఇట్లుండంగ, ఒక దినం పొద్దున నత్త ఒకటి రాళ్ల కింద ఖాళీగ దొరికింది. లోపల మాంసం ముక్క లేదు. కడిగి పెట్టినట్టున్నది. సరే, సావు సహజం అనుకున్నడు. ఇంకో దినం ఇంకోటి. ఆ తర్వాత ఒకనాడు చూస్తడు కదా, నిన్న అద్దం మీద పాకురు నాకిన నత్త, గుల్ల మీద తెల్ల మచ్చ ఉండె, గుర్తే, అది ఇయ్యాల నేల మీద ఉరుకుతాంది. వంగి చూస్తె గుల్లలకెల్లి ఎర్రటి కాళ్లు.

గాలయ్య దిమ్మదిరిగి నిలవడ్డడు. కబ్జా!

తానే ఏరిండు. కాళ్లు లెక్కవెట్టి, గిట్టలు చూసి, చిన్నయి చూసి తానే ఏరిండు. ఖాళీ గుల్లలు గూడ ఏసిండు. ఏసిన గుల్లలు ఏసినట్టే ఉన్నయి, బతికున్నోళ్ల ఇండ్లు గుంజుకుంటున్నయి.

కౌసల్యకు చెప్పిండు. ఆమె ఆసు మీద నూలు పోసుకుంట, "కిరాయిదారు ఇంటామెను సంపిండా? ఊర్ల లేదా ఏంది గసొంటిది," అన్నది. అని, "నా చీర గుల్లను ఏం జెయ్యలే కద?" అని గాబరాగ లేచింది.

"దానికేం గాలే."

"దాన్ని జాగ్రత్తగ సూడు. బొమ్మ ఇంకో పక్క మిగిలింది. గా మూతి దిక్కు గీయలే. అది లేకుంటె చీరకు కొంగు లేనట్టే."

గాలయ్య ఆ దినమే ఎండ్రికాయలను ఒక్కొక్కటి ఏరి, బకెట్ల సముద్రపు నీళ్లు పోసి, అండ్ల ఏసిండు. జైలు. బకెట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి అంచు దాకా వచ్చి జారి పడుతున్నయి. చూసి ఆయనకు పాపమనిపియ్యలే.

అయినా నత్తలు సస్తనే ఉన్నయి.

రజాక్ మళ్ల నీళ్ల డ్రమ్ములతోని వచ్చింది ఆ వారమే. నడిపొద్దు. హాల్లకు రాంగనె బకెట్ చూసి, "ఇదేంది అన్నా, సఫాయోళ్లు సమ్మె చేసిండ్రా?" అన్నడు.

గాలయ్య ఖాళీ గుల్లలను దోసిట్ల పట్టి ముందట పోసిండు. రజాక్ ఒకటి తీసి లోపటికి చూసిండు. ఇంకోటి తీసిండు. నవ్వు పోయింది.

"వీండ్లను బకెట్ల ఏసినంక గూడ సచ్చినయా?"

"ఆ."

"అట్లయితె వీండ్లు కాదు. వీండ్లు ఖాళీ ఇల్లు సూసి జొరబడ్డరు గంతే. సంపింది ఇంకెవలో. పెట్టెల ఇంకేం ఉన్నది?"

"చేపలు. మిగిలిన నత్తలు. చీర గుల్ల."

"చీర గుల్ల ఏంది?"

"నువ్వు తెచ్చినదే. టబ్బు అడుగున ఉండె. కండె తీరు పొడుగ్గ. పసుపు మీద తెల్ల ముక్కోణాలు."

రజాక్ చేతులకెల్లి గుల్ల కింద పడి పలిగింది. ఆయన మొహంల రక్తం లేదు. గాలయ్య అసొంటి రజాక్‌ను ఎన్నడు చూడలే.

"నేను తేలే," అన్నడు. "నేను తేలే అన్నా. సముద్రంల పట్టెటోళ్లు సూడకుంట ఏసిండ్రు. నేను సూడకుంట తెచ్చిన. యా అల్లా. చేత్తోని ముట్టినవా?"

"దినాం ముడుతున్న."

రజాక్ గోడకు ఆనుకున్నడు. "అది నత్తలను తినే నత్త. దాని మూతిల ఈటె ఉంటది. సూది కంటె సన్నం. గుచ్చితె విషం. మనకు మాల్ పంపే సముద్రం కాడ ఒకడు మునిగి దాన్ని దెచ్చిండు. ముద్దుగున్నదని లుంగి మడతల దోపుకున్నడు. పడవెక్కినంక నాలుక మొద్దుబారింది అన్నడట. కండ్లు మసకలైనయి అన్నడట. కూసున్నోడు కూసున్నట్టే ఊపిరి బందయింది. దవాఖానోళ్లు దీనికి మందు లేదన్నరు. నా కండ్లతోని శవాన్ని సూసిన." పెట్టె దిక్కు చూసిండు. "ఏడున్నదది? ఇసుకలనా?"

గాలయ్య ఎనక అర్ర దిక్కు తిరిగిండు.

"అర్రల," అన్నడు. "కౌసల్య చేతుల."

తర్వాత ఆయన ఉరికింది ఆయనకు ఎరుక లేదు. జనరేటర్ షెడ్డు దాటింది, బోరింగు కాడ బురదల జారింది, ఒక చెప్పు అక్కడనే పోయింది, ఏదీ ఎరుక లేదు. ఒక్కటే ఎరుక. పొద్దున గిన్నెల ఏసి ఇచ్చింది తానే. నిన్న ఇచ్చింది తానే. మొదటి దినం పిండి చేతుల పెట్టి, ఆమె నవ్వితె సంబరపడ్డది తానే.

అర్ర తలుపు తెరిచి ఉన్నది. గడప కాడ వెలుతురుల కౌసల్య కాళ్లు సాపుకొని కూసున్నది. గళ్ల కాయితం తొడ మీద. ఎడమ అరచేయి మీద తడి బట్ట, బట్ట మీద గుల్ల, మూతి ఆమె దిక్కు. మిగిలిన పక్క గీస్తాంది.

గుల్ల మూతికెల్లి సన్నటి గొట్టమొకటి బయటికొచ్చి, గాలిల అటు ఇటు తడుముతాంది.

గాలయ్యకు కేక గొంతు దాకా వచ్చింది. కేకేస్తె ఆమె ఉలిక్కిపడ్తది. ఉలిక్కిపడితె పిడికిలి మూస్తది. ఆమె దేనికి ఉలిక్కిపడ్డా చేతులున్నదాన్ని ఇడవదు, గట్టిగ పడుతది. ఇన్నేండ్ల సంసారంల ఆయనకు తెల్వంది కాదు. ఎనక రజాక్ ఉరికొస్తున్న సప్పుడు. గాలయ్య చెయ్యి ఎనకకు పెట్టి ఆగమన్నట్టు ఊపిండు. అడుగులాగినయి.

"అగో, ముక్కు సూడు దీనికి," అన్నది కౌసల్య తల ఎత్తకుంటనే. "చివరకు ఎర్ర అంచున్నది. చీరకు గూడ గదే అంచు పెడ్త."

"కౌసల్యా."

"ఊఁ."

"దాన్ని నీళ్లల్ల పెట్టు."

"ఆగయ్యా, గీ ఒక్క వరుస."

గాలయ్య దర్వాజ చెక్క పట్టుకున్నడు. బతుకుల ఎన్నడు ఎవరినీ బతిమాలని మనిషి, గొంతు మెత్తగ చేసి అన్నడు:

"దానికి దూపయితాంది. జర నీళ్లల్ల పెట్టు."

కౌసల్య తల ఎత్తి చూసింది. ఆయన మొహం చూడలే, చెప్పు లేని కాలు చూసింది. "నత్త దూప తెలుస్తది గాని, నా దూప ఎన్నడన్న అడిగినవా నువ్వు?" అన్నది. నవ్వుకుంటనే బట్ట కొసలు పట్టి, గుల్లను జారుడుబండ మీదికెల్లి జార్చినట్టు గిన్నెలకు జార్చింది.

గుల్ల నీళ్లల్ల పడ్డ సప్పుడయింది. గాలయ్య అక్కడనే నేల మీద కూలవడ్డడు. ఊపిరి అందక ఎగపోస్తున్నడు.

"ఓ వదినా," రజాక్ లోపటికొచ్చి గిన్నెను కాలుతోని దూరం నూకిండు, "చేతులు సూపియ్యి. రెండు చేతులు. ఏడనన్న గుచ్చుకున్నదా? చీమ కుట్టినట్టన్న అయిందా? నాలుక మొద్దుబారలే కద?"

"నా నాలుకకేమైంది? ఈనకేమైందో ముందు సూడుండ్రి, గుండె నొప్పా ఏంది? గట్లెందుకు పడ్డడు?"

రజాక్ చెప్పిండు. కౌసల్య ఇని, మొగుని దిక్కు చూసి, రజాక్ దిక్కు చూసి, "పోవయ్యా," అన్నది. "నత్త మనిషిని సంపుడేంది? నీ మాల్ నీకు వాపస్ గావాలంటె సక్కగ అడుగు."

రజాక్ హాల్లకు పోయి మిగిలిన నత్తలల్ల ఒకదాన్ని తెచ్చిండు. కడిగి బోర్లేసిన ఊరగాయ సీసాల సముద్రపు నీళ్లు పోసి, పట్టుకారుతోని చీర గుల్లను అండ్ల ఏసిండు. బుడ్డ నత్తను గూడ ఏసిండు. సీసాను గడప కాడ పెట్టి ముగ్గురు కూసున్నరు.

చానసేపు ఏం గాలే. బుడ్డ నత్త సీసా అద్దం మీద పాకుకుంట పోతాంది. కౌసల్య ఏదో అనబోయింది. అప్పుడు చీర గుల్ల కదిలింది. తొందర లేదు దానికి. ఎర్ర అంచు ముక్కును ముందుకు సాపింది. దాని కిందికెల్లి ఇంకోటి, తెల్లగ, వానపాము తీరు, బయటికొచ్చింది. సాగింది. సాగి, నత్త మెత్తటి పాదాన్ని జర తాకింది. ముద్దు పెట్టినట్టు తాకింది, గంతే. నత్త ఒక్క ఎగురు ఎగిరింది. అద్దం ఇడిసి కింద పడ్డది. బోర్ల పడ్డది. మళ్ల తిరగబడలే.

చీర గుల్ల దాని మీదికి పాకి మూతి పెట్టింది.

బయట బోరింగు కాడ ఎవరో నీళ్లు కొడుతున్న సప్పుడు ఇనవడుతాంది. కౌసల్య ఎడమ అరచేతిని పైటకు తుడుసుకున్నది. చూసుకున్నది. మళ్ల తుడుసుకున్నది. ఆ అరచేతుల దాన్ని పండబెట్టుకొని, ఇంట్ల ఎవరు లేనప్పుడు దానితోని ముచ్చట్లు గూడ పెట్టింది ఆమె.

"మా మర్రిగూడ నీళ్లు గూడ గింత తేటగనే ఉంటుండె," అన్నది ఆఖరికి.

గాలయ్య లేచిండు. మూలకున్న రోకలి తీసుకున్నడు. రజాక్ పక్కకు జరిగిండు. "కొట్టు అన్నా. నేనేమనను. తప్పు నాది. సారుకు నేను చెప్పుకుంట."

రోకలి పైకి లేసింది.

"ఆగు," అన్నది కౌసల్య.

"ఆగుడేంది!" గాలయ్య కేకేసిండు. ఆయన కేక ఆమె అంతకుముందు ఇనలే. "సస్తుంటివే! నా చేత్తోని నేనే ఇస్తి!"

"ఇచ్చినవ్. నేను తీసుకున్న. సావలే." ఆమె గళ్ల కాయితం తొడ మీదికెల్లి జారి నేల మీద పడి ఉంటె తీసి, మట్టి ఊది, చూసింది. "వరుస సగంల ఆగింది. దాన్ని దంచుతె ఆ సగం ఎవలు చెప్తరు నాకు? చీర ఆసు మీదున్నది. ముడులు సగం కట్టిన. గీ పక్క దొరకకుంటె మొత్తం ఇప్పుకోవాలె."

"ఇప్పు!"

"ఇప్పితె మళ్ల కట్టనయ్యా నేను," అన్నది. పంతం లేదు గొంతుల. ఉన్న మాట చెప్పింది. "నాకు తెలుసు. ఇప్పుడిప్పితె మళ్ల కట్ట."

గాలయ్య ఆసు దిక్కు చూసిండు. మేకుల మీద నూలు, నూలు మీద ముడులు, కుడి దిక్కు కట్టినయి, ఎడమ దిక్కు కట్టనియి. కింద గోడ పొంటి ఉల్లిగడ్డల సంచి. రోకలి ఆయన చేతుల మెల్లగ కిందికొచ్చింది.

రజాక్ సీసాకు మూత బిగిచ్చి, దానికి సూదితోని బెజ్జాలు పొడిచి, "నేను బయట కూసుంట," అన్నడు. "అయిపోయినంక నేనే తీసుకపోత. సముద్రం కాడికి పోయే లారీల ఏసి పంపిస్త. ఇంకెవల చేతులకు ఇయ్య." గడప దాటి ఆగిండు. "అన్నా, గా బకెట్ల ఉన్నోళ్లను ఇడిసిపెట్టుమంటవా? బేకసూర్లు, ఏ తప్పు చెయ్యలే."

గాలయ్య తల ఊపిండు. గా సంగతే మరిచిండు.

కౌసల్య కాయితం తొడ మీద సదురుకున్నది. గాలయ్య ఆమె ముందట కూసొని సీసాను రెండు చేతులతోని పట్టుకున్నడు. అద్దం అవతల, నత్తను తింటున్న గుల్ల, మూతి దిక్కు పసుపు మీద తెల్ల ముక్కోణాలు. కింద జర పెద్దవి, మూతి కాడికి వచ్చేసరికి ఆవగింజలంత. అద్దమున్నదని తెలుసు. మూత బిగిచ్చి ఉన్నదని తెలుసు. అయినా వేళ్లు నిలుస్త లెవ్వు.

"జర అటు తిప్పు," అన్నది.

తిప్పిండు.

"అగ్గో, ఎక్కువైంది. ఇటు."

ఇటు తిప్పిండు. సీసాల నీళ్లు గలగల కదిలినయి. గుల్ల ఊగింది. ఎర్ర అంచు ముక్కు అద్దానికి తగిలి, ఆయన బొటనవేలు ఉన్న జాగను లోపటికెల్లి తడిమింది. గాలయ్య కండ్లు మూసుకున్నడు. సీసా ఇడవలే.

"చెయ్యి వణికియ్యకయ్యా," అన్నది కౌసల్య, పెన్సిలు ముల్లును నాలుకతోని తడుపుకుంట. "చుక్క తప్పుతాంది."